వినాయకుణ్ణి చేయబోతే 01 అయింది

మన దగ్గర హీరో మీద అభిమానం చూపించడం సులువు. ఫ్లెక్సీ కొట్టాయనకి ఫోటోలు వాట్సాప్ చేస్తే చాలు. చందాలిచ్చిన వాళ్ల తలకాయలన్నీ కింద వరసగా పేర్చి మరీ సాయంత్రానికి చుట్ట చుట్టి చేతిలో పెడతాడు. అచ్చుతప్పు పడితే తిట్టడానికి ఒక మనిషంటూ ఉంటాడు. కొరియా బేస్‌బాల్ అభిమాని వ్యవహారం వేరు. తన ఆటగాడు రిటైరయ్యే రోజున స్టేడియంలో ఎత్తి పట్టుకునే అట్టని స్వహస్తాలతో చేసుకుంటేగాని అతగాడికి తృప్తి ఉండదు. తప్పు పడితే తిట్టుకోడానికి అద్దంలో మనిషే దిక్కు. ఆ అద్దం కూడా నమ్మదగ్గది కాదు. అదెలాగో చెప్పుకోవాలంటే 2022 అక్టోబరు 8న లీ దేహో ఆడిన ఆఖరి మ్యాచ్‌కి, బుసాన్‌లో ఒక అభిమాని ముందురోజు రాత్రి అట్టా కత్తెరా పట్టుకుని కూర్చున్నట్టు ఊహించుకోవాలి.

దేహో పేరులోనే దేహం ఉంది. ఎత్తు 194 సెంటీమీటర్లు. దానికి తగ్గ బరువు. కొరియాలో ప్రొఫెషనల్ లీగ్ మొదలైన 1982లోనే బుసాన్‌లో పుట్టాడు. 2001లో సొంతూరి జట్టు లొట్టె జెయింట్స్‌లో చేరాడు. మన కిరాణా కొట్లో చాకో పై పెట్టె మీద కనిపించే లొట్టెయే అది. బంతి విసిరే పిచ్చర్‌గా చేరినవాడు కాస్తా బంతిని బాదేవాడయ్యాడు. 2010లో వరసగా 9 మ్యాచ్‌ల్లో హోమ్ రన్ (మన సిక్సర్‌కి బేస్‌బాల్ చుట్టం) కొట్టాడు. ఆ సీజన్ మొత్తానికి 44 హోమ్ రన్‌లు, సగటు .364, అంటే వెయ్యి అవకాశాలకి 364 హిట్ల లెక్క. బ్యాటర్లకి ఇచ్చే 8 కిరీటాల్లో ఆ ఏడాది 7 ఆయన నెత్తినే పడ్డాయి. మిగిలిన ఎనిమిదోది బేస్ దొంగతనాలకి ఇచ్చేది. పిచ్చర్ చూపు మళ్లినప్పుడు పిల్లిలా తర్వాతి బేస్‌కి, అంటే పరుగు దారిలో తర్వాతి మజిలీకి, పరుగెత్తడాన్ని అలా అంటారు. అంత విగ్రహం పెట్టుకుని పిల్లిలా అంటే కుదిరే పనేనా! తర్వాత జపాన్‌లో ఆడి, అక్కడి లీగ్ ఫైనల్ పోరైన 2015 జపాన్ సిరీస్‌లో అత్యుత్తమ ఆటగాడయ్యాడు. 2016లో అమెరికాలో సియాటెల్ జట్టుకి ఆడి, 2017లో ఇల్లు చేరాడు. ఆఖరి సీజన్లో, 40 ఏళ్ల వయసులో, .331 సగటుతో 23 హోమ్ రన్‌లు కొట్టాడు. చేతకాక వెళ్లిపోతుంటే ఊరుకోవచ్చు, ఇలా కొడుతూ కొడుతూ వెళ్లిపోతే అభిమాని కడుపు మండదా? మన పెనుకొండలో కార్లు తయారుచేసే కియా వాళ్ల జట్టుతో సహా ప్రత్యర్థి జట్లు తొమ్మిదీ ఒక్కొక్కటిగా ఆయనకి కానుకలిచ్చి సాగనంపాయి. ఇక మిగిలింది మనవాడి అట్ట.

మొదటి గండం ఆ అట్టతోనే. కొరియా స్టేషనరీ కొట్లలో దొరికే ‘ఉద్‌రాక్’ అట్ట 5 మిల్లీమీటర్ల మందాన నున్నగా, తేలిగ్గా ఉంటుంది. స్వభావానికి అది మన థర్మాకోల్‌కి తోబుట్టువు, అంటే పాలీస్టైరీన్. దాని మీద నారింజ రంగు వేయాలని మనవాడి ఉబలాటం. లొట్టె సొంత మైదానం సజిక్ స్టేడియంలో ఒకప్పుడు చెత్త వేసుకోమని ఇచ్చిన నారింజ రంగు ప్లాస్టిక్ సంచుల్లో గాలి నింపి, పిలకలా నెత్తిన ముడేసుకుని కేకలేయడం లొట్టె అభిమానులకి పేరు తెచ్చిన విద్య. కుంచెతో వేస్తే చారలు పడతాయని స్ప్రే డబ్బా తెస్తాడు. దేహో జెర్సీ నంబరు ‘10’ మీద మొదటి విడత కొట్టగానే భలేగా వచ్చిందనిపిస్తుంది. పది సెకన్లు ఓపిక పడితే సున్నా మధ్యలో చిన్న గుంట. ఇంకాసేపటికి ‘1’ నడుము దగ్గర వంగి, వాన నీళ్లలో నానిన అప్పడంలా ముడుచుకుపోతుంది. స్ప్రే రంగులో ఉండే టోలీన్, అసిటోన్ లాంటి ద్రావకాలకి పాలీస్టైరీన్ కరిగిపోతుంది. సూపర్ గ్లూ రాసినా ఇదే తంతు. గ్లూ గన్ బాగా కాగితే ఆ వేడికే బొక్కలు పడతాయి. థర్మాకోల్ మంటపాలు కట్టినవాళ్లెవరిని అడిగినా చెబుతారు: నీళ్ల రంగు, తెల్ల జిగురు, అంతకు మించి ఏదీ దాని దగ్గరికి రానివ్వకూడదు. కానీ రాత్రి పదకొండింటికి మంటపాలు కట్టేవాళ్లని ఎవడు అడుగుతాడు?

అట్ట పోయింది. టీషర్టు ఉందిగా! ఇక్కడ రెండో గండం. దీని ముందు మొదటిది పసిపిల్ల.

ఇస్త్రీతో బొమ్మ అతికించే ట్రాన్స్‌ఫర్ కాగితాలు ఎ4 సైజులో వస్తాయి. ఇంక్‌జెట్ ప్రింటర్లో అచ్చేసి, బట్ట మీద పెట్టి, ఇస్త్రీ పెట్టెతో నొక్కితే రంగు బట్టకి అంటుకుంటుంది. టీషర్టు కాటన్‌ది కావాలి. లొట్టె జెర్సీ లాంటి పాలిస్టర్ మీద కాటన్ వేడి పెడితే అచ్చుతో పాటు జెర్సీ కూడా పెట్టెకి అంటుకుని వస్తుంది. ఇస్త్రీ పెట్టెలో నీళ్లు ఉండకూడదు, ఆవిరి తగిలితే అంచులు లేస్తాయి. మెత్తటి ఇస్త్రీ బల్ల పనికిరాదు. గట్టి చెక్క బల్ల మీద దుప్పటి గుడ్డ ఒక్క మడత వేసి, పెట్టెని అటూ ఇటూ రుద్దకుండా ఒక్కో చోట పదిహేను ఇరవై సెకన్లు ఒళ్లంతా బరువేసి అదమాలి. మూలల్లో అదమడం మరిచిపోతే మొదటి ఉతుక్కే అక్షరాలు చెవులు విప్పుకుంటాయి.

ఇవన్నీ మనవాడు తుచ తప్పకుండా చేస్తాడు. చేయనిదల్లా ఒక్కటే. ఈ కాగితాల్లో రెండు జాతులున్నాయి. ముదురు రంగు బట్టలకి వాడేదాన్ని మామూలుగానే అచ్చేసి, వెనక పొర ఒలిచి, బొమ్మ పైకి కనిపించేలా అతికిస్తారు. తెల్ల బట్టలకి వాడేదాన్ని బోర్లా పెట్టి అదుముతారు కాబట్టి ముందే అద్దంలో బొమ్మలా తిప్పి అచ్చేయాలి. మనవాడి చేతిలో ఉన్నది తెల్లబట్టల కాగితం, చదివింది నల్లబట్టల సూచనలు.

ఇప్పుడు కాస్త కొరియా అక్షరాల సంగతి. మనం ‘లీ’ అనే ఇంటిపేరుని వాళ్లు ‘ఈ’ అంటారు. రాసేటప్పుడు ముందు ఒక గుండ్రం, దాని కుడిపక్కన ఒక నిలువుగీత, అంతే. తిప్పితే నిలువుగీత ముందుకొచ్చి గుండ్రం వెనక్కి పోతుంది. అంటే అచ్చం 10! ఆఖరి అక్షరం ‘హో’ రెండు వైపులా ఒకేలా ఉంటుంది, దాన్నెటు తిప్పినా అది హో అనే అంటుంది. మధ్యలో ‘దే’ ఒక్కటే తిప్పితే అక్షరమే కాకుండా పోతుంది. ఇక పేరు కింద వేసిన 10 తిరగబడితే ముందు గుండ్రం, వెనక గీత, అంటే ‘ఈ’. మొత్తానికి చొక్కా మీద ఇంటిపేరు నంబరైంది, నంబరు ఇంటిపేరైంది. వినాయకుణ్ణి చేయబోతే కోతి అయిందంటారు గానీ, ఇది రెండూ చోట్లు మార్చుకున్న కేసు.

పోనీ ఆ రాత్రే తప్పు తెలిసిందా అంటే, లేదు. చొక్కా తొడుక్కుని బాత్‌రూమ్ అద్దం ముందు నిలబడతాడు. అద్దంలో ‘ఈ దేహో’ నిక్షేపంగా ఉంటుంది, కింద 10 ముత్యంలా మెరుస్తుంది. అనుమానం తీరక ఫోన్‌తో సెల్ఫీ పెట్టి చూస్తాడు. చాలా ఫోన్లలో సెల్ఫీ తెర కూడా అద్దంలాగే చూపిస్తుంది. సాక్షులిద్దరూ ఒకే అబద్ధం చెప్పాక ఇంకెవర్ని అడుగుతాడు, హాయిగా పడుకుంటాడు.

పొద్దున్నే బస్‌స్టాప్‌లో నలుగురూ చొక్కా వంక తలలు వంచి చూస్తుంటే గాని సంగతి బోధపడదు. చొక్కా మీద జాకెట్ జిప్పు మెడదాకా లాగి, దారిలో స్కెచ్‌బుక్కూ లావుపాటి మార్కరూ కొంటాడు. అసలు రాత్రే ఈ పని చేసి ఉంటే సరిపోయేది. ‘8 జొల్’ అనే సైజు, సుమారు 27 సెంటీమీటర్లకి 39, అన్నిటికన్నా శ్రేష్ఠం. ఒళ్లో పడుతుంది, గాలికి తెరచాపలా ఎగరదు, వెనకవాళ్లకి ఆట కనపడకుండా చేయదు. అక్షరాలు 20 సెంటీమీటర్ల ఎత్తుండి, గీత మందం నాలుగుంటే మైదానం అవతలి కెమెరాకి కూడా ఆనుతుంది. మార్కర్ నీళ్లకి చెరగని రకం కావాలి, లేకపోతే వీడ్కోలు వేళ కన్నీళ్లకి మొదట కరిగేది అదే. పైన మెరుపు ప్లాస్టిక్ అతికిస్తే ఫ్లడ్‌లైట్లు అందులో దిగి, ఆటగాడికి అక్షరాల బదులు ట్యూబ్‌లైటు కనిపిస్తుంది. ఫోన్ తెర మీద అక్షరాలు పరుగెత్తించే యాప్‌లు కూడా ఉన్నాయి గాని, సరిగ్గా కెమెరా ఇటు తిరిగినప్పుడే ‘అమ్మ పిలుస్తోంది’ అని తెరంతా పరుచుకుంటుంది.

మనవాడు ఈసారి తెలివిగా పేరు జోలికి పోకుండా నిండు పేజీలో 10 ఒక్కటే రాస్తాడు. స్టేడియంలో సీట్లు 22,990. అన్నీ నిండిపోయాయి. ఎనిమిదో ఇన్నింగ్స్‌లో సజిక్ మొత్తం లేచి నిలబడింది. ఇరవయ్యేళ్లు బ్యాటు పట్టిన దేహో బంతి పట్టుకుని పిచ్చర్ దిబ్బ ఎక్కాడు మరి! అవతలి ఎల్‌జీ జట్టు కూడా సరదాకి తక్కువేం తినలేదు. మ్యాచ్ చివర్లో వచ్చి బంతులు విసిరే గో ఊసొక్‌కి బ్యాటిచ్చి పంపింది. ఆయన కొట్టిన బంతి తిన్నగా దేహో దగ్గరికే దొర్లింది, దేహో అందుకుని మొదటి బేస్‌కి విసిరి అవుట్ చేశాడు. లొట్టె 3-2తో గెలిచింది. ఆ తర్వాత వేడుక. 10వ నంబరు ఇక ఎవరికీ ఇవ్వబోమని ప్రకటన. బ్యాటూ గ్లవూ వదిలి, ఇకమీదట చికెన్, బీరు పట్టుకుని గ్యాలరీలోకి వస్తానని ఆయన చెప్తుంటే ఏడవనివాడు పాపాత్ముడు.

అట్ట పట్టుకునేవాడికి అట్ట వీపే కనిపిస్తుంది. అందుకే అనుభవజ్ఞులు వెనకవైపు పైఅంచున బాణం గుర్తేసుకుంటారు. మనవాడు వేసుకోలేదు. కొరియా భాషలో ‘కన్నీళ్లు’ అనే మాటని తలకిందులు చేస్తే చదవడానికి వీలైన వేరే మాటొకటి వస్తుందని, అక్కడి కుర్రకారు దాన్ని కావాలనే అలా తిప్పి రాస్తుంటారు. ఏడుస్తూ కళ్లు తుడుచుకుని స్కెచ్‌బుక్‌ని మళ్లీ పైకెత్తేటప్పుడు మనవాడికి ఆ జ్ఞానం ఉండే అవకాశం లేదు. తలకిందులైన 10లో గుండ్రం ముందు, గీత వెనక.

వేడుకలో అటూ ఇటూ తిరుగుతున్న పెద్దాయన ఒకడు మెట్ల మీద ఆగి, అట్ట వంక కళ్లు చికిలించి చూస్తాడు.

“ఈ...” అని చదివి, కాసేపు ఆగి, “బాబూ, మిగతా రెండక్షరాలు ఎవరి దగ్గరున్నాయి?” అని అటూ ఇటూ సీట్లలో వెతుకుతాడు.