18 ఏళ్ళ తర్వాత కూడా ‘ఇంకాస్త అనుభవం’ కావాలట

ఇప్పుడే స్టాఫ్‌రూమ్ నుంచి వచ్చి కారులో కూర్చున్నాను. చేతులు ఇంకా వణుకుతున్నాయి. న్యూజీలాండ్‌లో, మా సౌత్ ఆక్లాండ్ స్కూల్లో డిప్యూటీ ప్రిన్సిపాల్ పోస్టు మళ్ళీ బయటి మనిషికే ఇచ్చారు. 18 ఏళ్ళుగా ఇక్కడే పాఠాలు చెబుతున్న మా సమోవన్ (పసిఫిక్ దీవి సమోవా మూలాలున్న) టీచర్‌కి లీడర్‌షిప్ అనుభవం ఇంకాస్త కావాలట!

మరి ఆవిడ ఇన్నాళ్ళూ చేసిందేమిటి? స్కూలు పిల్లలు పసిఫిక్ దీవుల ఆటపాటలు ప్రదర్శించే పాలీఫెస్ట్ పండగ దగ్గరపడితే సాయంత్రాలు, శనివారాలు వదులుకుని పిల్లలతో ప్రాక్టీసు చేయించేది ఆవిడే. ఓ పిల్లవాడు నాలుగు రోజులు రాకపోతే ఇంటికి ఫోన్ చేసి వాళ్ళ అమ్మమ్మతో సమోవన్‌లో మాట్లాడేదీ ఆవిడే. క్లాసులో కొట్లాట జరిగితే ముందు ఆవిడనే పిలుస్తారు. దీనికి అలవెన్సు లేదు, హోదా లేదు. టైమ్‌టేబుల్ వేస్తే, రిపోర్టు రాస్తే మాత్రం అది అనుభవం.

ఇంటర్వ్యూలో ఆవిడ ‘నేను చేశాను’ అనకుండా ‘మేము చేశాం’ అన్నారట. సమోవన్లకు ఒక సామెత ఉంది: పెత్తనానికి దారి సేవే. ఆ మాట వింటూ పెరిగిన మనిషి సొంత డబ్బా కొట్టుకోలేదని పక్కన పెడతారా? పసిఫికా (పసిఫిక్ దీవుల మూలాలున్న) పిల్లల సంస్కృతిని టీచర్లు అర్థం చేసుకోవాలని ప్రభుత్వం 2018లో ‘తపాసా’ అని ఓ గైడ్ తెచ్చింది. ఆ సంస్కృతిలోనే పుట్టి పెరిగిన మనిషి ఎదురుగా ఉంటే కనపడదు.

1989 నుంచి ఇక్కడ స్కూళ్ళు తల్లిదండ్రులు ఎన్నుకునే బోర్డుల చేతిలో ఉన్నాయి. ప్రిన్సిపాల్‌ని పెట్టేదీ వాళ్ళే. రాత్రి షిఫ్టుల్లో క్లీనింగ్ పని చేసే తల్లి ఆ మీటింగుకి ఎలా వస్తుంది? ఆ తల్లి తరఫున మాట్లాడేదెవరు?

మన తెలుగువాళ్ళ సంగతీ చెప్పాలి. 1970ల్లో పోలీసులు తెల్లవారకుండానే తలుపులు బాది వీసా కాగితాలు అడిగింది ఈ పసిఫిక్ దీవుల కుటుంబాలనే. గడువు దాటి ఉండిపోయిన బ్రిటన్‌వాళ్ళ తలుపులు అలా తట్టలేదు. క్షమాపణ చెప్పడానికి ప్రభుత్వానికి 2021 దాకా పట్టింది. అలాంటి చోటికి నిన్నగాక మొన్న వచ్చిన మనం వాళ్ళని చిన్నచూపు చూస్తామా? నా యాస అర్థం కావట్లేదని ఓ పేరెంట్ కంప్లయింట్ చేసిన రోజు, నాతో పాటు ప్రిన్సిపాల్ గదిలోకి వచ్చి కూర్చున్నది ఈ సమోవన్ టీచరే. నా తెలుగువాళ్ళెవరూ రాలేదు.

పోయిన వారం మా తెలుగు వాట్సాప్ గ్రూపులో ఒకాయన రాశాడు: ‘ఐలాండర్లు ఎక్కువున్న స్కూల్ వద్దు, మంచి స్కూల్ జోన్ చూసి ఇల్లు కొనండి’ అని. పదకొండు మంది దానికి లైక్ కొట్టారు. వాళ్ళలో ఇద్దరి పిల్లలకు చదవడం, రాయడం నేర్పింది ఆవిడే.