టీడీఎస్ పోను మిగిలిన పరమార్థం

మనిషై పుట్టాక ఎప్పటికైనా తన జీవిత పరమార్థం తెలుసుకోవాలంటారు. నేను తెలుసుకున్నాను. అందుకు నాకైన ఖర్చు: ఒక నెలజీతం ఉద్యోగం, పీఎఫ్, గ్రూప్ ఇన్సూరెన్స్, దీపావళికి కంపెనీ ఇచ్చే డ్రై ఫ్రూట్స్ డబ్బా. ఇంత పెట్టి సంపాదించిన జ్ఞానాన్ని మీకు ఉచితంగా ఇస్తున్నాను. మొహమాటపడకండి, నాకు అలవాటే.

ఉద్యోగం చేసే రోజుల్లో రాత్రి భోజనాలయ్యాక అనువాదాలు చేసేవాణ్ణి. వాషింగ్ మెషీన్ మాన్యువళ్ళు, ఇన్సూరెన్స్ కాగితాలు, యాప్‌లో 'దయచేసి మళ్ళీ ప్రయత్నించండి' లాంటి ముక్కలు. మాటకు రూపాయి. ఆ దశలో ఎవరో ఇకిగాయ్ బొమ్మ పంపారు. జపాన్ భాషలో ఆ మాటకు బతుక్కో కారణం అని అర్థమట. నాలుగు వృత్తాలు. నీకు ఇష్టమైనది, నీకు చేతనైనది, లోకానికి కావలసినది, డబ్బులొచ్చేది. నాలుగూ కలిసేచోట నీ పరమార్థం కూర్చుని ఉంటుంది. జపాన్ వాళ్ళ ప్రాచీన జ్ఞానం కదా అని నమ్మి రాజీనామా ఇచ్చేశాను.

నోటీసు పీరియడ్ అయిపోయాక తెలిసింది, ఆ వృత్తాలు గీసింది స్పెయిన్ దేశపు జ్యోతిష్కుడట. దానికి జపాన్ మాట అతికించింది 2014లో ఒక బ్లాగరు. జ్యోతిష్కుడి మాట మీద ఉద్యోగం వదిలేదైతే మా ఊళ్ళో సిద్ధాంతిగారు లేరా? ఆయనైతే నూటపదహార్లు పుచ్చుకుని, "శని నడుస్తోంది నాయనా, ఇంకో రెండేళ్ళు కదలకు" అనేవారు.

ఇంట్లో చెప్పినప్పుడు నాన్న ఒకటే అడిగారు.

"రేపట్నుంచి ఏం చేస్తావురా?"

"ఇప్పుడు చేసేదే నాన్నా. కాకపోతే పూర్తిగా."

"అది రాత్రిపూట చేసేదే కదా. మరి పగలు?"

ఈ ప్రశ్నకు జవాబు దొరకడానికి నాకు మూడేళ్ళు పట్టింది.

ఫ్రీలాన్సింగ్ అమెరికా నుంచి దిగిందనుకోవడం మన అజ్ఞానం. శ్రీనాథుడు కొండవీటి రెడ్డిరాజుల కొలువులో విద్యాధికారి, అంటే పర్మనెంట్ ఉద్యోగి. ఆ రాజ్యం పోయాక కొలువులు పట్టుకు తిరగాల్సి వచ్చింది. విజయనగర రాజు ప్రౌఢదేవరాయల సభలో ఆయనకు కనకాభిషేకం జరిగిందంటారు. చూడండి, ఆ రోజుల్లో పేమెంటును క్లయింటే స్వయంగా నెత్తిన పోసేవాడు. ఫాలో అప్ లేదు, వెండర్ ఫారం లేదు. ఇంతటి మనిషీ ముసలితనంలో బొడ్డుపల్లెలో పొలం గుత్తకు తీసుకున్నాడనీ, పంట కొంత కృష్ణమ్మ, కొంత పిట్టలు పట్టుకుపోతే ఏడువందల సుంకం ఎలా కట్టేదిరా దేవుడా అని వాపోయాడనీ చాటుపద్యం ఒకటుంది. ఏటా మార్చి 15న అడ్వాన్స్ టాక్స్ ఆఖరి గడువు దగ్గరపడుతుంటే నాకు కవిసార్వభౌముడే గుర్తొస్తాడు. కనకాభిషేకం మాత్రం ఇంకా మిగిలి ఉంది.

ఇక నా వృత్తి సంగతి. అనువాదం నా వృత్తి అనుకుని వచ్చాను గానీ అది హాబీ. వృత్తి వసూలు. ఐదు రోజులు పనిచేస్తే ఐదు నెలలు అడగాలి. ఇందులో కళ ఉంది. మొదటి ఉత్తరంలో డబ్బు మాట ఎత్తకూడదు, ఫైలు సరిగ్గా అందిందా అని వాకబు చేయాలి. రెండో దాంట్లో ఇన్‌వాయిస్ 'మీ సౌలభ్యం కోసం' మళ్ళీ జతచేయాలి. మూడోది పండగ శుభాకాంక్షలు. మన పంచాంగంలో ఇన్ని పండగలు ఎందుకున్నాయో నాకు అప్పుడు బోధపడింది. అవతలి నుంచి వచ్చే జవాబులు మూడే: ఫైనాన్స్‌లో ఉంది, వెండర్ కోడ్ మారింది, బిల్లు ఓకే చేసే అప్రూవర్‌గారు లీవులో ఉన్నారు. ఆ అప్రూవర్‌గారిని చూసినవాళ్ళు లేరు. నిరాకారుడు, సర్వవ్యాపి, ఎప్పుడూ లీవులోనే ఉంటాడు.

చట్టం మాత్రం మన పక్షానే ఉంది. 2006 నాటి సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల చట్టం, అదే ఎంఎస్‌ఎంఈ చట్టం ప్రకారం చిన్న సంస్థలకు 45 రోజుల్లోపు డబ్బు కట్టాలి. దాటితే రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకు మూడింతల వడ్డీ, అదీ నెలనెలా చక్రవడ్డీ. ఇది చదివి కళ్ళు చెమర్చి వెంటనే అలాంటి సంస్థలు నమోదయ్యే ప్రభుత్వ ఉద్యమ్ పోర్టల్‌లో నమోదు చేసుకున్నాను. ఆ క్షణం నుంచి నేను మనిషిని కాను, సూక్ష్మ సంస్థను. సర్టిఫికెట్ చూసి మా ఆవిడ, "పేరు బాగానే పెట్టారు" అంది.

ఈ చట్టం గురించి ఒక క్లయింటుకు ఎంతో మర్యాదగా గుర్తుచేశాను. వారం తిరక్కుండా డబ్బు పడింది, పది శాతం టీడీఎస్ పోను, అంటే వాళ్ళే ముందుగా కోసుకుని ప్రభుత్వానికి కట్టే పన్ను పోను. వడ్డీ రాలేదు. ఆ తర్వాత పనీ రాలేదు. హక్కు ఉంది, కాకపోతే ఒక్కసారి వాడుకోవడానికే.

మరి పరమార్థం ఎక్కడుంది? క్లయింటు మాటల్లో ఉంది. రేటు గురించి అడిగిన ప్రతిసారీ అది బయటికొస్తుంది. "బడ్జెట్ తక్కువేనండీ, కానీ ఇది తెలుగు భాషకు సేవ కదా!" వాషింగ్ మెషీన్ మాన్యువల్ ద్వారా మాతృభాష ఋణం తీర్చుకునే భాగ్యం ఎందరికి దక్కుతుంది? కార్యం ఎంత పవిత్రమైతే రేటు అంత తగ్గుతుందని నేను గమనించాను. ఈ మధ్య సేవ మరీ ఎక్కువైంది. అనువాదం మెషీనే చేస్తోంది, నేను దిద్దితే చాలట, సగం రేటుకు. 'లోడ్' అన్న మాటకు మెషీన్ 'బట్టలను భారం చేయండి' అని పెడితే 'బట్టలను వేయండి' అని మారుస్తాను. మారిన మాట ఒక్కటే కాబట్టి లెక్కలోనూ ఒక్కటే వస్తుంది.

ఇలా దిద్దుతుండగా ఓ అర్ధరాత్రి నాకు వ్యుత్పత్తి తట్టింది. అర్థం అంటే డబ్బు. పరమార్థం అంటే పరుల దగ్గర ఉండిపోయిన అర్థం. వ్యాకరణ పండితులు ఒప్పుకోకపోవచ్చు. వాళ్ళకు నెలనెలా జీతాలు వస్తాయి.

అసలు పరమార్థం పగలు దొరికింది. మా అపార్ట్‌మెంటులో అందరూ తొమ్మిదింటికల్లా ఆఫీసులకు పోతారు. మూడో ఫ్లోర్ ఆంటీగారు ఓ రోజు తలుపు కొట్టి, "బాబూ, నువ్వు ఇంట్లో ఖాళీగానే ఉంటావుగా, గ్యాస్ బండ వస్తే తీసుకో" అన్నారు. తర్వాత రెండో ఫ్లోర్ వాళ్ళ కొరియర్లు. తర్వాత ఎవరో అబ్బాయి స్కూల్ బస్సు. వాచ్‌మన్ పెళ్ళికని ఊరెళ్తూ, "సార్, మీరు ఉంటారుగా, మోటరు కొంచెం చూసుకోండి" అని తాళంచెవి చేతిలో పెట్టి వెళ్ళాడు. రెండు నెలలు దాటింది. అతని జీతం ఒకటో తారీఖున అతని ఖాతాలో పడిందని విన్నాను.

పొద్దున ఏడింటికి మోటరు వేస్తాను. ట్యాంకు నిండగానే ఆపుతాను. నాలుగు వృత్తాలు వేసి చూసుకున్నాను. చేతనైనదే. లోకానికి, అంటే ఇరవై నాలుగు ఫ్లాట్లకు, ఎంతో అవసరమైనదే. నీళ్ళ చప్పుడు మారడాన్ని బట్టి ట్యాంకు ఎంత నిండిందో చెప్పగలను, అంటే ఇష్టం కూడా పుట్టింది. నాలుగో వృత్తం ఒక్కటే ఖాళీ.

అందుకని అసోసియేషన్ సెక్రటరీ అంకుల్‌గారికి ఇన్‌వాయిస్ పంపాను. ఉద్యమ్ నంబరు కూడా వేశాను. ఆయన రిటైర్డ్ బ్యాంకు ఉద్యోగి, చట్టం తెలిసిన మనిషి. నిన్నటికి 46వ రోజు. లిఫ్టు దగ్గర కనిపిస్తే, ఫైలు అందిందా అంకుల్ అని అడిగాను.

"అందింది నాయనా. ట్రెజరర్‌గారు ఓకే చేయాలి, ఆయన అమెరికాలో కూతురి దగ్గర ఉన్నారు. అయినా ఇలాంటివి డబ్బు కోసం చేస్తామా? సేవ కదా" అన్నారు.

వినాయక చవితి దగ్గరికొచ్చింది. శుభాకాంక్షలు పంపాలి. ఉండండి, పైన చప్పుడు మారింది, మోటరు ఆపి వస్తాను.