రిజెక్ట్ మెయిల్‌కి రాత్రి పదకొండింటికి జవాబివ్వకండి

ఉద్యోగం వచ్చినవాళ్లకి ఫోన్ వస్తుంది, రానివాళ్లకి మెయిల్ వస్తుంది. అన్నిచోట్లా ఇదే పద్ధతి కాదు గానీ, ఎక్కువచోట్ల ఇంతే. వచ్చినవాళ్లతో జీతం బేరమాడాలి, ఎప్పుడు చేరతారో తేల్చుకోవాలి, ఈలోగా ఇంకో కంపెనీ ఎగరేసుకుపోకుండా చూసుకోవాలి. రానివాళ్లకి ఫోన్ చేస్తే అవతలివైపు మౌనం వినాలి. అది వినడానికి ఏ హెచ్చార్‌కీ మనసొప్పదు. అందుకే ఫలితం కోసం ఎదురుచూస్తుండగా ఫోన్ మోగకుండా మెయిల్ టింగుమంటే సగం సంగతి తెలిసిపోయినట్టే. మిగతా సగానికి మెయిల్ తెరిచి "అయితే" ఎక్కడుందో వెతుక్కోవడమే. దానికి ముందు మీ సమయానికి ధన్యవాదాలు, మీ అనుభవం మమ్మల్ని ఆకట్టుకుంది, ఈసారి పోటీ గట్టిగా ఉంది అని మూడు వాక్యాలుంటాయి. పొగడ్త ఎంత పొడుగైతే "అయితే" అంత గట్టిగా తగులుతుంది. ఇందులో చెయ్యి తిరిగినవాళ్లు మెయిల్‌ని కింది నుంచి పైకి చదువుతారు.

ఇంతవరకూ ప్రమాదమేమీ జరగలేదు. రెండు పేరాల మెయిల్‌కి ఎవరి ఎముకలూ విరగవు. విరిగేవన్నీ ఆ రాత్రి, ఫోన్ చేతిలో ఉండగా విరుగుతాయి.

అన్నిటికంటే పెద్దది జవాబు రాయడం. రాత్రి పదకొండింటికి పుట్టే ఉత్తరానికి ఒక మూస ఉంది. మొదటి వాక్యం హుందాగానే ఉంటుంది: "మీ నిర్ణయాన్ని గౌరవిస్తున్నాను." రెండో వాక్యానికే ఆ గౌరవం కాస్త తగ్గుతుంది: "కానీ మీరడిగిన మూడో ప్రశ్నకీ ఈ ఉద్యోగానికీ అసలు సంబంధమే లేదు." నాలుగో వాక్యానికి, ప్యానెల్‌లో ఎడంపక్క కూర్చున్నాయన రెండుసార్లు ఆవులించిన సంగతి బయటికొస్తుంది. ఏడో వాక్యంలో శాపం. చివర "భవదీయుడు". మొత్తం ఉత్తరంలో దిద్దాల్సిన పని లేనిది ఆ ఒక్క మాటే.

రాయడం తప్పని ఎవరూ అనరు. ఉద్యోగం పోయిన 63 మంది మీద జరిపి 1994లో ప్రచురించిన ఒక అధ్యయనంలో, మనసులో ఉన్న బాధంతా కొన్నాళ్లు కూర్చుని రాసుకున్నవాళ్లకి మిగతావాళ్లకంటే త్వరగా కొత్త ఉద్యోగాలు దొరికాయి. రాసుకున్నవాళ్లకి అన్నాం, పంపించినవాళ్లకి అనలేదు. చిక్కల్లా ఎక్కడొస్తుందంటే, వచ్చిన మెయిల్‌కి రిప్లై నొక్కితే "టు" గడి దానంతటదే నిండిపోతుంది. తిట్లు పూర్తయ్యే వేళకి చిరునామా సిద్ధంగా ఉంటుంది, బొటనవేలు దాని పక్కనే ఉంటుంది. కాబట్టి రాయాలనిపిస్తే నోట్స్ యాప్‌లో రాయండి. మెయిల్‌లోనే రాస్తే తప్ప తృప్తి లేదంటారా, "టు" గడి ఖాళీ చేశాకే మొదటి అక్షరం కొట్టండి. జీమెయిల్‌లో పంపినదాన్ని వెనక్కి లాక్కునే గడువు మామూలుగా 5 సెకన్లు. సెట్టింగ్స్‌లో దాన్ని 30 దాకా పెంచుకోవచ్చు. అరనిమిషంలో చల్లారే కోపాలకి అది చాలు. అలాంటి కోపమైతే ఏడో వాక్యం దాకా ఎలాగూ రాదు.

నిజానికి చాలామందిని గట్టెక్కించేది నోరిప్లై చిరునామా, అంటే మెయిళ్లు పంపడానికే తప్ప జవాబులు తీసుకోని చిరునామా. అంత చెమటోడ్చి రాసిన ఉత్తరం మనిషన్నవాడు తెరవని పెట్టెలోకి పోతుంది, లేదా డెలివరీ కాలేదంటూ తిరిగొస్తుంది. ఒకే రాత్రి రెండుసార్లు రిజెక్ట్ అవడమంటే అదే.

పంపదగిన ఉత్తరం మర్నాడు, నిద్ర లేచి ముఖం కడుక్కున్నాక రాయాలి. నోరిప్లైకి కాదు, ఇంటర్వ్యూ టైము చెప్పడానికి మీతో మాట్లాడిన మనిషికి. నాలుగైదు వాక్యాలు చాలు: "తెలియజేసినందుకు ధన్యవాదాలు. మీ బృందంతో మాట్లాడటం నచ్చింది. ఇలాంటి ఉద్యోగానికి మళ్లీ ప్రయత్నించేలోపు నేను ముఖ్యంగా ఏది మెరుగుపరుచుకోవాలో ఒక్క మాట చెప్పగలరా? ముందుముందు ఖాళీలుంటే నన్ను గుర్తుంచుకోగలరు." ఇందులో అడిగింది ఒక్కటే అని గమనించండి. "నన్నెందుకు తీసుకోలేదు?" అని అడిగితే అది సంజాయిషీ అవుతుంది. రాతపూర్వకంగా సంజాయిషీ ఇస్తే రేపు దాన్ని పట్టుకుని ఎవరైనా కోర్టుకెక్కుతారేమోనని కంపెనీల భయం, అందుకే నోరు విప్పరు. "ఏది మెరుగుపరుచుకోవాలి?" అంటే అది సలహా, సలహా ఇవ్వడమంటే ఎవరికి చేదు? అప్పటికీ జవాబు రాకపోవచ్చు. వారం, పది రోజులు చూసి వదిలెయ్యండి. రెండోసారి గుర్తుచేయడం వల్ల ఒరిగేదేమీ లేదు.

ఇక ఇంటర్వ్యూలో రాని జవాబు. అది రాత్రి రెండింటికి పక్కమీద ఉదాహరణలతో సహా వస్తుంది, దొంగలు పడ్డ ఆర్నెల్లకి కుక్కలు మొరిగినట్టు. రానివ్వండి, కానీ రాసిపెట్టుకోండి: వాళ్లేమడిగారు, మీరేం చెప్పారు, ఏం చెప్పి ఉండాల్సింది. అసలు ఈ మూడూ రాసుకోవడానికి మంచి సమయం ఫలితం రాకముందు, ఇంటర్వ్యూ అయిన సాయంత్రమే. మెయిల్ వచ్చాక జ్ఞాపకం తన ఇష్టమొచ్చినట్టు సవరణలు చేస్తుంది. "మధ్యలో ఆరు నెలలు ఖాళీ ఎందుకొచ్చింది?" అని మామూలుగా అడిగిన ప్రశ్న, నాలుగు రోజులకి బల్ల గుద్ది అడిగినట్టు అవుతుంది. వారం తిరిగేసరికి ప్యానెల్ మొత్తానికి కొమ్ములు మొలుస్తాయి. రాసినదాన్ని తిరిగి చూసుకుంటే ఎక్కువమందికి కనబడే లోపం ఒకటే. "ఫలానా ఇబ్బంది వచ్చినప్పుడు మీరేం చేశారు?" అంటే పరిస్థితి, అందులో మీ బాధ్యత, మీరు చేసిన పని, దాని ఫలితం, ఈ నాలుగూ రెండు నిమిషాల్లో రావాలి. మనవాళ్లు పరిస్థితి దగ్గరే నిమిషంన్నర కూర్చుంటారు. ఫలితం చెప్పేలోపు అవతలివాళ్లు తర్వాతి ప్రశ్నలో ఉంటారు.

కారణం వెతుక్కోవడంలో జరిగే పొరపాట్లకి అంతే లేదు. చొక్కా రంగు, కరచాలనంలో చెమట, మంచినీళ్లు ఇవ్వబోతే వద్దనడం, అన్నిటి మీదా విచారణ నడుస్తుంది. ఆ ఖాళీకి లోపలివాళ్లనే తీసుకుని ఉండొచ్చు, బడ్జెట్ ఆగిపోయి ఉండొచ్చు, మీరు చెప్పిన జీతం వాళ్ల లెక్కకి ఎక్కువై ఉండొచ్చు. వీటికీ చొక్కాకీ ఏ పొత్తూ లేదు. ఒక్క రిజెక్షన్‌తో ఏదీ తేలదు. నాలుగైదు పోగయ్యాక ఏ మెట్టు దగ్గర ఆగుతున్నారో చూసుకుంటే తేలుతుంది. దరఖాస్తులు పెడుతున్నా పిలుపే రావట్లేదంటే రెజ్యూమే సంగతి చూడాలి, లేదా మీకు సరిపడని ఉద్యోగాలకి పెడుతున్నట్టు. హెచ్చార్ ఫోన్‌తోనే ఆగిపోతోందంటే చాలావరకు జీతమో, నోటీస్ పీరియడో, పాత ఉద్యోగం ఎందుకు మానేశారన్న దానికి మీరు చెప్పే కథో. ప్రతిసారీ చివరి రౌండు దాకా వెళ్లి ఆగుతోందంటే మీలో పెద్ద లోపమేమీ లేదు, మీ పక్కన కూర్చున్నవాళ్లు ఓ పిసరు ఎక్కువ. కొన్నాళ్లు ఏడవడానికి అదే మంచి కారణం, మార్చుకోవడానికి మాత్రం పెద్దగా ఏమీ ఉండదు.

ఆ ఉద్యోగం ఎవరికొచ్చిందో చూద్దామని లింక్డిన్‌లోకి దూరేవాళ్లకి ఒక్క మాట. మీరు మామూలు సెట్టింగుల్లో ఉంటే, తమ ప్రొఫైల్ ఎవరు చూశారో ఆ ఉద్యోగం వచ్చినవాళ్లకి తెలుస్తుంది, మీ ఫొటోతో సహా. ప్రైవేట్ మోడ్ ఉంది, కావాలంటే వాడుకోండి. అసలు చూడకపోతే ఇంకా మంచిది.

ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, ఇంటర్వ్యూకి వెళ్తున్నప్పుడే ఊరంతా చెప్పుకున్నవాళ్ల అవస్థ వేరు. "ఏమైంది?" అని ఒక్కొక్కరే ఫోన్ చేస్తారు, ఒక్కొక్కరికీ మొదటి నుంచీ చెప్పాలి, ప్రతి ఒక్కరూ చివర్లో "నేను ముందే అనుకున్నా" అంటారు. అనుకున్నది ముందే చెప్పొచ్చుగా! వాళ్లు అడిగేలోపు మీరే ఒకే వాక్యం అందరికీ పంపేయండి: "అక్కడ కుదరలేదు, వేరేవి చూస్తున్నా." కారణాలు కలపకండి. కారణం కనబడగానే సలహా మొదలవుతుంది.

చివరగా, మెయిల్ ఆఖర్న "మీ రెజ్యూమే మా దగ్గర ఉంచుకుంటాం" అని ఉంటుంది. చాలాసార్లు అది మర్యాదకే. కానీ ఎంపికైనవాళ్లు ఆఫర్ మీద సంతకం పెట్టేదాకా రెండో స్థానంలో ఉన్నవాళ్లని వదులుకోకూడదని కొన్ని కంపెనీలు రిజెక్ట్ మెయిల్ పంపడం కావాలనే ఆలస్యం చేస్తాయి. పోర్టల్‌లో స్టేటస్ రెండు వారాలుగా "పరిశీలనలో ఉంది" అని వేలాడటానికి ఒక కారణం ఇదే. సంతకం పెట్టినవాళ్లు కూడా నోటీస్ పీరియడ్‌లో ఇంకో ఆఫర్ చూసుకుని ఎగ్గొట్టడం కొత్తేమీ కాదు. అప్పుడు రెండో పేరుకి ఫోన్ వస్తుంది. పదకొండింటి ఉత్తరం పంపినవాళ్లకి రాదు, మూడో పేరుకి పోతుంది. వస్తే మాత్రం "అంటే మొదటాయన రానన్నాడా అండీ?" అని అడక్కండి. జీతమెంతో, ఎప్పుడు చేరాలో అడగండి, ఆఫర్ లెటర్ మెయిల్‌లో పంపమనండి.