పేటెంటు అనగానే లేచి నిలబడనక్కర్లేదు

మొన్న మా కాలేజీకి ఒక ఆన్‌లైన్ బోధన ప్లాట్‌ఫాం అమ్మడానికి వచ్చినాయన గంటసేపట్లో అయిదారు సార్లు ‘పేటెంట్ పెండింగ్’ అన్నారు. అన్నప్రతిసారీ మా ప్రిన్సిపాల్ గారు తల ఊపారు. పెండింగ్ అంటే దరఖాస్తు పెట్టారని మాత్రమే అర్థం. ఇంతకీ ఆ అద్భుతం ఏమిటంటే, పిల్లవాడు ఒక ప్రశ్నకు తప్పు జవాబిస్తే తర్వాత దానికంటే తేలికైన ప్రశ్న వస్తుందట. మా ఊళ్లో ట్యూషన్ మాస్టార్లు పలకా బలపంతో చేసిన పని ఇది.

అక్కడే నాకు ఆన్‌లైన్ బోధన సాఫ్ట్‌వేర్ అమ్మే అమెరికా కంపెనీ బ్లాక్‌బోర్డ్ కథ గుర్తొచ్చింది. ఈ రంగంలో ఉన్నవాళ్లు కూడా మరిచిపోతున్నారు కాబట్టి కాస్త వివరంగా చెబుతాను.

2006 జనవరి 17న అమెరికా పేటెంట్ కార్యాలయం బ్లాక్‌బోర్డ్ కంపెనీకి ఇంటర్నెట్ బోధన వ్యవస్థ మీద పేటెంటు ఇచ్చింది. అందులో 44 క్లెయిములు, అంటే ‘ఇది మాది’ అని హక్కు కోరిన అంశాలు. సరిగ్గా అదే రోజుల్లో ఆ కంపెనీ తన పెద్ద పోటీదారు వెబ్‌సీటీని 18 కోట్ల డాలర్లకు కొనేసింది. జూలై 26న పేటెంటు సంగతి బయటపెడుతూనే కెనడాలో అలాంటి సాఫ్ట్‌వేరే చేసే డిజైర్‌టులెర్న్ అనే చిన్న కంపెనీ మీద దావా వేసింది. వేసింది ఎక్కడ? టెక్సస్‌లోని లఫ్కిన్ అనే చిన్న పట్టణంలో. బ్లాక్‌బోర్డ్ ఉండేది వాషింగ్టన్‌లో, ప్రతివాది ఉండేది ఒంటారియోలో. పేటెంటు ఉన్నవాళ్లకు తూర్పు టెక్సస్ కోర్టులు కలిసొస్తాయని అప్పట్లో పేరు, అంతే.

జ్యూరీ ముందుకు వెళ్లిన క్లెయిముల సారం వింటే నవ్వొస్తుంది. ఒకే మనిషి ఒక కోర్సులో విద్యార్థిగా, మరో కోర్సులో అధ్యాపకుడిగా ఉండగలగడం! మా విభాగంలో ఒక సార్ పగలు రెండో సంవత్సరం వాళ్లకు పాఠం చెబుతారు, అదే విశ్వవిద్యాలయంలో పీహెచ్‌డీ తరగతులకు హాజరవుతారు. మూడిల్ అనే ఉచిత బోధన సాఫ్ట్‌వేర్‌లో ఆయనకు ఆ రెండు హోదాలూ ఇవ్వడానికి నాకు రెండు నిమిషాలు పట్టింది. కాగితాల కాలంలో మా ఆఫీసు గుమస్తా గారైతే రెండు రిజిస్టర్లలో పేరు రాసుకుని టీ తాగడానికి వెళ్లేవారు.

అయినా 2008 ఫిబ్రవరిలో జ్యూరీ బ్లాక్‌బోర్డ్ పక్షమే వహించింది. 31 లక్షల డాలర్ల పరిహారం, పైగా డిజైర్‌టులెర్న్ తన సాఫ్ట్‌వేర్‌ను అమెరికాలో అమ్మకూడదని నిషేధం. డిజైర్‌టులెర్న్ ఇంజనీర్లు పాఠాలకు పనికొచ్చే కొత్త సౌకర్యాలు పక్కనపెట్టి, పేటెంటుకు తగలకుండా ఉన్నదాన్నే తిరగరాస్తూ కూర్చున్నారు. 2009 జూలైలో అప్పీలు కోర్టు తీర్పును తిరగేసింది. 35 క్లెయిములు అస్పష్టమని కింది కోర్టే కొట్టేసింది, జ్యూరీ ముందుకు వెళ్లిన మూడూ కొత్తవి కావని పైకోర్టు తేల్చింది. న్యాయం గెలిచిందని సంబరపడేవాళ్లతో నేను ఏకీభవించను. చెల్లని పేటెంటు మూడేళ్లపాటు చెల్లింది. చేయాల్సిన నష్టం చేసేసింది.

ఆ మూడేళ్లలో నాకు నచ్చిన సంగతి ఒకటుంది. దావా వార్త రాగానే ఇందులో కొత్తేమీ లేదని చూపడానికి అధ్యాపకులు, ప్రోగ్రామర్లు కలిసి వికీపీడియాలో ఆన్‌లైన్ బోధన చరిత్ర రాయడం మొదలుపెట్టారు. 1960లో ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో పుట్టిన ప్లేటో అనే కంప్యూటర్ బోధన వ్యవస్థ నుంచి ఒక్కొక్కటీ తవ్వి తీశారు. కోపంతో రాసిన చరిత్ర అయినా శ్రద్ధగా రాశారు. మూడిల్, దాని లాంటివే అయిన సకాయ్, ఏట్యూటర్ తరఫున సాఫ్ట్‌వేర్ ఫ్రీడమ్ లా సెంటర్ అనే న్యాయ సహాయ సంస్థ పేటెంటును మళ్లీ పరిశీలించమని కోరింది. దాంతో 2007 ఫిబ్రవరిలో బ్లాక్‌బోర్డ్ ఓపెన్ సోర్స్, అంటే కోడ్‌ను అందరికీ తెరిచి ఉంచే సాఫ్ట్‌వేర్, జోలికి రానని మాట ఇచ్చింది. అందులోనూ మెలిక ఉంది. ఓపెన్ సోర్స్‌ను తమ సొంత వాణిజ్య సాఫ్ట్‌వేర్‌తో కలిపి అమ్మేవాళ్లకు ఆ మాట వర్తించదు.

తర్వాత మార్కెట్ తన దారిన తాను మారిపోయింది. 2011లో క్యాన్వాస్ అనే కొత్త బోధన సాఫ్ట్‌వేర్ తన కోడ్‌ను బయటపెట్టి మరీ బడులనూ కాలేజీలనూ లాక్కుంది. 2012లో బ్లాక్‌బోర్డే మూడిల్ సేవలమ్మే మూడిల్‌రూమ్స్‌ను కొనుక్కుంది. కొన్నాళ్ల క్రితం తనను చూసి బెదిరినవాళ్ల దుకాణంలోనే వాటా! 2021లో బ్లాక్‌బోర్డ్ ఆంథాలజీ అనే విద్యా సాఫ్ట్‌వేర్ కంపెనీలో కలిసిపోయింది. ఆ ఆంథాలజీ 2025లో దివాలా రక్షణ కోరుతూ మళ్లీ టెక్సస్ కోర్టుకే వెళ్లింది.

మనకు ఇదెందుకంటారా? మన పేటెంట్ల చట్టంలో 3(కె) అనే క్లాజు ఉంది. ఉత్త కంప్యూటర్ ప్రోగ్రామ్‌కూ, వ్యాపార పద్ధతికీ, అల్గారిథమ్‌కూ పేటెంటు ఇవ్వకూడదంటుంది. 2004 చివర్లో ఆర్డినెన్సుతో దాన్ని సడలించబోతే 2005లో పార్లమెంటు ఒప్పుకోలేదు. ఆ తర్వాత మార్గదర్శకాల రూపంలో తలుపు కొంచెం కొంచెంగా తెరుస్తూనే ఉన్నారు. 2016లో కొత్త హార్డ్‌వేర్ తోడు ఉండాలన్నారు, 2017లో ఆ షరతు తీసేశారు. ఇప్పుడు ప్రతి యాప్‌కూ ఏఐ తోక తగిలిస్తున్నారు కనుక దరఖాస్తులు ఎలా ఉంటాయో ఊహించుకోవచ్చు.

అమ్మకాలాయనను దరఖాస్తు నంబరు అడిగాను, కనుక్కుని చెబుతానన్నారు. మా పాఠాలు, మార్కులు అన్నీ రేపు వేరే వ్యవస్థలోకి మార్చుకోవచ్చా అని కూడా అడిగాను. దానికి మాత్రం వెంటనే జవాబొచ్చింది: అదనపు రుసుము ఉంటుందట. ప్రిన్సిపాల్ గారు అప్పటికీ తల ఊపుతూనే ఉన్నారు.