అమలాపురం రైలూ పన్నెండు టెన్సులూ

ఆంగ్ల వ్యాకరణంలోని టెన్సులు కోనసీమ పిల్లలకు ఎంత చెప్పినా ఎక్కవని ఉపాధ్యాయులు వాపోవడం న్యాయం కాదు. మూడు కాలాలను నాలుగు రూపాలతో హెచ్చవేసి, పన్నెండు గళ్ల పట్టికను గోడకు తగిలించి వల్లె వేయమంటే ఎవరికి మాత్రం ఎక్కుతుంది? ఆ పట్టికను కోటిపల్లి రేవుకు తరలించి, అమలాపురానికి ఇంకా రావలసిన రైలు కోసం గౌతమిలో నిలిచిన వంతెన స్తంభాలను చూపిస్తూ పాఠం చెబితే, పంటు అవతలి ఒడ్డు నుంచి వచ్చేలోపే సగం టెన్సులు బోధపడతాయని ఈ వ్యాసకర్త దృఢాభిప్రాయం.

కాకినాడ–కోటిపల్లి మార్గంలోని పట్టాలను రెండో ప్రపంచ యుద్ధ అవసరాల కోసం 1940లో ఊడదీసి పట్టుకుపోయారు. 1947లో స్వాతంత్ర్యం వచ్చేటప్పటికే మన రైలు వెళ్లిపోయి ఉన్నది. గతంలో ఒకటి జరిగేనాటికే మరొకటి ముగిసిపోయిందని చెప్పే పాస్ట్ పర్ఫెక్టుకు ఇంతకన్నా శుద్ధమైన ఉదాహరణ లండనులోనూ దొరకదు. 2004లో ఆ మార్గం మళ్లీ తెరుచుకుంది. తేదీ ఉంది, పని అయింది గనుక అది సింపుల్ పాస్ట్. అందులో చెప్పుకోవలసిన విశేషమేమీ లేదు.

అసలు సంపదంతా ప్రెజెంట్ పర్ఫెక్ట్ కంటిన్యుయస్‌లో ఉంది. కోటిపల్లి నుంచి అమలాపురం మీదుగా, గౌతమిని, వైనతేయను, వశిష్ఠను దాటి నరసాపురం చేరవలసిన లైను 2000-01లో మంజూరైంది. నాటి నుంచి నేటి వరకు వస్తూనే ఉంది. సిన్స్ తర్వాత మొదలైన సంవత్సరం, ఫర్ తర్వాత గడిచిన కాలం రాయాలన్న నియమం ఇక్కడ సులువుగా తేలుతుంది: మొదటి అంకెను ఒకసారి కంఠస్థం చేస్తే చాలు, రెండవదాన్ని మాత్రం ఏటా దిద్దుకోవాలి.

కంటిన్యుయస్ లేని ప్రెజెంట్ పర్ఫెక్టు సభావేదికలకు ప్రీతిపాత్రమైనది. దానికి తేదీ గిట్టదు. పక్కన ‘యెస్టర్‌డే’ చేరిస్తే వాక్యం తప్పవుతుంది. ‘వెన్’ అని ప్రశ్నించడానికీ వ్యాకరణం ఒప్పుకోదు. పనులు వేగవంతం చేశామని ఆ టెన్సులో ప్రకటించిన వక్తను ఎప్పుడని నిలదీయాలంటే విలేకరి సింపుల్ పాస్టులోకి దిగవలసిందే. అక్కడికి వెంట దిగివచ్చే వక్తలు అరుదు.

ఇక ఫ్యూచర్. రేపటి రైలు గురించి ఆంగ్లేయుడు ‘ద ట్రైన్ లీవ్స్ ఎట్ సిక్స్ టుమారో’ అని నిశ్చింతగా సింపుల్ ప్రెజెంటులోనే చెబుతాడు. ఆ వెసులుబాటు టైంటేబులున్న ఊళ్లకే పరిమితం; అమలాపురానికి ‘విల్’ తప్పదు. అయితే ఆంగ్ల క్రియ రూపం మార్చుకునేది భూతానికీ భూతం కానిదానికీ మధ్యనే గనుక ఆ భాషలో ఉన్నవి రెండే టెన్సులనీ, విల్ అనేది మే, మస్ట్‌ల సరసన కూర్చోవలసిన సహాయక క్రియ మాత్రమేననీ భాషాశాస్త్రవేత్తల్లో చాలామంది అంటారు. ఆ లెక్కన, రైలు వస్తుందని మనకు మాట ఇచ్చినవారెవరూ భవిష్యత్తు జోలికే వెళ్లలేదు. తమ ఇష్టాన్ని వెల్లడించారంతే. వారిపై మోపిన అబద్ధాల నిందను కోనసీమ ప్రజలు తక్షణం ఉపసంహరించుకోవాలి.

పదో తరగతి పరీక్షలో అమలాపురం రైలుకు తగిన క్రియారూపంతో ఖాళీని పూరించమని ఒక ప్రశ్న ఇవ్వవలసిందిగా విద్యాశాఖకు మనవి. ఫలానా నాటికి వచ్చేసి ఉంటుందని ఫ్యూచర్ పర్ఫెక్ట్ రాసినవారికి ఆశావాదానికి గాను ఒక మార్కు అదనంగా వేయవచ్చు. సింపుల్ ప్రెజెంట్ రాసిన పిల్లవాడిది అసలు ఈ ప్రాంతమేనా అని మాత్రం విచారించాలి.