ఏసీలో గ్యాస్ ఏటేటా అయిపోదు

ఎండలు ముదరకముందే, ఫిబ్రవరి చివరి వారంలోనే, విశాఖలోని అపార్ట్‌మెంట్ల వాట్సాప్ గ్రూపుల్లో ఒక సందేశం తిరగడం మొదలవుతుంది. ఈ ఏడాది నాకే ఆరు చోట్ల నుంచి వచ్చింది. దాని సారాంశం ఇది: ఏసీలోని గ్యాస్ వాడకంతో కొంచెం కొంచెంగా ఖర్చవుతుంది కనుక ప్రతి వేసవికి ముందూ నింపించుకోవాలి, గాలి తగ్గినా, కాయిల్‌కు ఐస్ పట్టినా, గోడ మీది యూనిట్ నుంచి నీళ్లు కారినా అది గ్యాస్ తగ్గిందనడానికి గుర్తు, మెకానిక్ గేజు పెట్టి ముల్లు చూపిస్తే ఇక అనుమానించనవసరం లేదు, కాస్త ఎక్కువే నింపితే మరింత చల్లబడుతుంది, కొత్త ఏసీ బిగించేటప్పుడు వ్యాక్యూమ్ పంపు పెట్టడం డబ్బు గుంజడానికే, అమెరికాలో ఇళ్లు వేడిచేసే ఫర్నేసులకు సైతం ఏటా గ్యాస్ సరిచూస్తారు, నిర్లక్ష్యం చేసేది మనమే. పంతొమ్మిదేళ్లుగా ఈ ఊళ్లో ఏసీలు బిగించి, బాగుచేసి బతుకుతున్నవాడిని. ఈ మాటలను నమ్మి డబ్బు, కొన్నిచోట్ల కంప్రెసరు కూడా పోగొట్టుకున్నవారి ఇళ్లకు వెళ్లి చూసినవాడిని కనుక ఒక్కొక్క మాటకూ సమాధానం రాస్తున్నాను.

మొదటి మాట, గ్యాస్ ఖర్చవుతుందన్నది. మనం అన్నింటికీ ‘గ్యాస్’ అనే ఒకే మాట వాడడం వల్ల ఈ భ్రమ పుట్టింది. వంటింటి సిలిండరులోని గ్యాస్ మండుతుంది, మండింది ఇక ఉండదు, కాబట్టి మళ్లీ బుక్ చేస్తాం. (కడుపులో గ్యాస్ సంగతి డాక్టరుగారు చూసుకుంటారు.) ఏసీలోనిది మండేందుకు పోసింది కాదు; లోపలి కాయిల్‌లో ఆవిరై గదిలోని వేడిని పీల్చుకుని, బయటి యూనిట్‌లో ఆ వేడిని వదిలి ద్రవంగా మారి, మళ్లీ లోపలికి వస్తూ, మూసి ఉన్న రాగి గొట్టాల్లో అదే గ్యాస్ ఏళ్ల తరబడి తిరుగుతూ ఉంటుంది. ఇప్పుడు వస్తున్న, ఆర్-32 అనే గ్యాస్ వాడే ఏసీల్లో ఒకటిన్నర టన్నుదానికి సైతం చాలావరకు కిలోలోపే నింపుతారు. ఎన్ని గ్రాములో బయటి యూనిట్ ప్లేటు మీద అచ్చువేసి ఉంటుంది. ఎక్కడా లీకు లేకపోతే పదేళ్ల తర్వాత తూచినా అంతే ఉండాలి. తగ్గిందంటే లీకు ఉన్నట్టే, లీకు ఉంటే నింపడం వైద్యం కాదు. ఏటా నింపించమనేవాడు లీకునైనా వెతకడం లేదు, లేదా లేని జబ్బుకు మందైనా వేస్తున్నాడు.

రెండో మాట, గాలి తగ్గడం, ఐస్ పట్టడం గ్యాస్ తగ్గినందుకేనన్నది. అన్నిటికన్నా ఎక్కువ నష్టం చేస్తున్న మాట ఇదే కనుక, కిందటి ఏప్రిల్‌లో పెదవాల్తేరులో నేను చూసిన ఒక ఇంటి సంగతి కొంచెం వివరంగా చెబుతాను. రిటైరైన మాస్టారి ఇల్లు. పడకగదిలో ఒకటిన్నర టన్ను ఏసీ, ఇన్వర్టర్ కానిది, ఆర్-32 గ్యాస్‌ది. “మూడు వేసవులు వరసగా గ్యాస్ పట్టించాం బాబూ, వచ్చినవాళ్లు వేరువేరు, మాట మాత్రం ఒకటే” అన్నారు అమ్మగారు. నేనూ గేజు పెట్టాను. ముల్లు 95 పీఎస్‌ఐ (ప్రెషర్ కొలత) దగ్గర నిలబడింది. ఇంకొకరైతే అక్కడే సిలిండరు తగిలించేవారు, ఎందుకంటే ఈ గ్యాస్‌కు మామూలుగా నడిచేటప్పుడు 120 నుంచి 150 మధ్య ఉండాలని అందరం నేర్చుకున్నదే. నేను తగిలించలేదు. బయటి యూనిట్ దగ్గర లావు పైపు మీద, అంటే గ్యాస్ లోపలినుంచి తిరిగి వచ్చే పైపు మీద, కంప్రెసరు దాకా తెల్లగా మంచు పట్టి ఉండడమే అందుకు కారణం. గ్యాస్ నిజంగా తగ్గినప్పుడు సాధారణంగా మంచు, గ్యాస్ లోపలికి వెళ్లే సన్నపైపు వాల్వు దగ్గర కనిపిస్తుంది. లావు పైపు వెంట వెనక్కి పాకి వచ్చిందంటే, లోపలి కాయిల్‌కు అందవలసినంత గాలి అందక, గ్యాస్ పూర్తిగా ఆవిరి కాకుండానే తిరిగి వస్తోందని అర్థం.

అప్పుడు గాలి కొలిచాను. చేతిలో పట్టే చిన్న ఫంకా ఉండి గాలి వేగం కొలిచే అనిమోమీటరును, లూవర్లు (గాలి దిక్కు మార్చే పలకలు) పూర్తిగా తెరిచి, గాలి వచ్చే సందు పొడవునా తొమ్మిది చోట్ల పెట్టి సగటు తీస్తే సెకనుకు 2.2 మీటర్లు వచ్చింది. సందు 80 సెంటీమీటర్ల పొడవు, 7 సెంటీమీటర్ల వెడల్పు. అంటే నిమిషానికి సుమారు 260 ఘనపుటడుగులు, మా భాషలో 260 సీఎఫ్‌ఎం. టన్నుకు 400 సీఎఫ్‌ఎం అన్నది అందరూ వాడే లెక్క, ఉక్కపోత ఎక్కువ ఉండే మన తీరప్రాంతంలో 350 అయినా ఫరవాలేదు. ఆ లెక్కన ఒకటిన్నర టన్నుకు కనీసం 525 రావాలి, వస్తున్నది అందులో సగం. ఏసీలోకి వెళ్తున్న గాలి 29 డిగ్రీలు, బయటకు వస్తున్న గాలి 9 డిగ్రీలు. ఈ 9 అన్న అంకె దగ్గర కాస్త ఆగాలి. గ్యాస్ తక్కువైన ఏసీ అంత చల్లటి గాలి ఇవ్వలేదు. గాలి పుష్కలంగానే వస్తుంది గాని చప్పగా ఉంటుంది. ఇక్కడ జరుగుతున్నది దానికి తలకిందులు: వస్తున్న కాస్త గాలీ మంచులా ఉంది, గది మాత్రం చల్లబడడం లేదు. థర్మామీటరు లేనివారు కూడా లూవర్ దగ్గర చెయ్యి పెట్టి ఈ తేడాను పోల్చుకోవచ్చు, కాకపోతే కాయిల్ మొత్తం గడ్డకట్టకముందే, ఏసీ వేసిన పావుగంటలోపు, ఆ పరీక్ష చేయాలి.

ఫిల్టర్లు శుభ్రంగానే ఉన్నాయి. మాస్టారు ప్రతి ఆదివారం కడుగుతారట. దోషం వాటి వెనక ఉంది. స్ప్లిట్ ఏసీలో బ్లోవర్ అంటే రెక్కల ఫంకా కాదు, రోలరులా పొడవుగా ఉండి, చుట్టూ సన్నని పలకలు వరసగా అమర్చిన చక్రం. ఆ పలకల వంపులోనే గాలిని తోసే శక్తి ఉంటుంది. టార్చి వేసి చూస్తే ప్రతి వంపులోనూ నల్లటి మడ్డి దట్టంగా పేరుకుని, పలక దాదాపు చదునైపోయింది. సముద్రపు తేమ, ఇంటి దుమ్ము, అగరుబత్తి పొగ, పోపు జిడ్డు కలిస్తే తయారయ్యే మడ్డి అది. పాతనగరం వైపు ఇళ్లలోనైతే దీనికి పోర్టు దుమ్ము కూడా తోడై ముద్ద బొగ్గులా ఊడివస్తుంది. మోటారు మామూలు వేగంతోనే తిరుగుతుంది, చప్పుడూ మామూలుగానే ఉంటుంది, అందుకే ఎవరికీ అనుమానం రాదు. ఆ చక్రాన్ని విప్పి, మోటారుకు తడి తగలకుండా విడిగా కడిగి, కాయిల్ ఫిన్లను, అంటే దాని సన్నని రేకులను, పైనుంచి కిందికి కడిగి మళ్లీ బిగించేసరికి రెండున్నర గంటలు పట్టింది. తర్వాత అదే అనిమోమీటరు 4.5 మీటర్లు చూపించింది, అంటే దాదాపు 535 సీఎఫ్‌ఎం. బయటకు వచ్చే గాలి 9 నుంచి 17 డిగ్రీలకు పెరిగింది. గది మాత్రం ముప్పావు గంటలో చల్లబడింది. గది చల్లబడడానికి గాలి ఎంత చల్లగా ఉందన్నది ఒక్కటే చాలదు, ఆ చల్లటి గాలి ఎంత వస్తోందన్నదీ చూడాలి.

నీళ్లు కారడానికీ ఇక్కడే సమాధానం ఉంది. గాలి తగ్గి కాయిల్ గడ్డకట్టి, ఏసీ ఆపగానే ఆ మంచు ఒక్కసారిగా కరిగి ట్రే పొంగుతుంది. లేదా డ్రెయిన్ పైపులో అదే మడ్డి అడ్డం పడుతుంది.

ఇక మూడో మాట, గేజు చెబితే చాలునన్నది. మాస్టారి ఏసీలో గాలి సరిచేశాక గేజు 165కు ఎగబాకింది, ఏసీ లాగుతున్న కరెంటు కూడా, ప్లేటు మీద రాసిన ఆంపియర్లను దాటింది. అప్పుడు గ్యాస్ మొత్తాన్ని రికవరీ సిలిండరులోకి తీసి కాటా మీద పెట్టాను. ప్లేటు మీద ఉన్నది 760 గ్రాములు. బయటకు వచ్చింది కిలో 40 గ్రాములు. తగ్గిందని మూడేళ్లు పోసిన గ్యాస్ అక్కరలేకుండా లోపల చేరి కూర్చుంది. గాలి అందని కాయిల్ చల్లబడిపోయి ప్రెషర్ పడిపోతుంది, గ్యాస్ తగ్గినా ప్రెషర్ పడిపోతుంది. గేజుకు ఈ రెంటికీ తేడా తెలియదు. లావు పైపు ఉష్ణోగ్రత కూడా కొలిచి, గేజు చూపే ప్రెషర్‌కు సరిపోయే ఉష్ణోగ్రతతో పోల్చి చూస్తే ఆ తేడా తెలుస్తుంది: గ్యాస్ తగ్గితే ఆ అంతరం పెరుగుతుంది, గాలి తగ్గితే కుంచించుకుపోతుంది. ఈ పని ఐదు నిమిషాలది. ఇన్వర్టర్ ఏసీలకైతే కంప్రెసరు వేగం మారినకొద్దీ ప్రెషర్ మారుతుంది కనుక, కంప్రెసరు ఒకే వేగంతో నడిచే టెస్ట్ మోడ్‌లో పెట్టకుండా గేజు చూపించడం దాదాపు అర్థంలేని పని.

ఎక్కువ నింపితే ఎక్కువ చల్లదనం అన్న నాలుగో మాటకు జవాబు ఆ కిలో 40 గ్రాముల్లోనే ఉంది. అదనపు గ్యాస్ ఆవిరి కాకుండా ద్రవంగానే కంప్రెసరుకు చేరి, ఆయిల్‌ను పలచబరిచి, కరెంటు బిల్లు పెంచి, చివరకు కంప్రెసరునే కూర్చోబెడుతుంది.

అమెరికా ఫర్నేసుల మాట చదివి నవ్వొచ్చింది గాని, అందులో ఒక ఉపయోగపడే పోలిక ఉంది కనుక దాన్ని వదలను. మా పెద్దక్క కొడుకు షికాగోలో ఇల్లు కొన్నాక వాళ్ల ఫర్నేసును నాకు వీడియో కాల్‌లో చూపించాడు. దానికి సహజవాయువు పైపులో వస్తూనే ఉంటుంది, మండుతూనే ఉంటుంది. అందులో నింపడమన్న ప్రశ్నే లేదు. ఏటా వచ్చే టెక్నీషియన్ బర్నర్లను, పొగగొట్టాన్ని, గ్యాస్ ప్రెషర్‌ను చూడడంతో పాటు బ్లోవర్ గాలినీ లెక్కకడతాడు. ఫర్నేసులోకి వెళ్లే గాలికీ బయటకు వచ్చే గాలికీ మధ్య పెరిగిన ఉష్ణోగ్రత, ప్లేటు మీద రాసిన పరిధిలో, ఉదాహరణకు 40 నుంచి 70 ఫారన్‌హీట్ డిగ్రీల మధ్య, ఉందా లేదా అని చూస్తాడు. గంటకు 80,000 బీటీయూల (వేడికి అక్కడివాళ్లు వాడే కొలత) గ్యాస్ మండించి 80 శాతం వేడిని ఇంట్లోకి ఇచ్చే ఫర్నేసులో గాలి 50 డిగ్రీలు వేడెక్కితే, 64,000ను 1.08తోనూ (గాలి లెక్కకు వాడే స్థిరాంకం) 50తోనూ భాగించగా సుమారు 1,185 సీఎఫ్‌ఎం వస్తుంది. గాలి తగ్గితే అక్కడ మంచు పట్టదు, లోపలి ఉక్కు గదులు మితిమీరి వేడెక్కి లిమిట్ స్విచ్ మంటను ఆపేస్తుంది, అలా ఏళ్ల తరబడి సాగితే ఆ ఉక్కు చిట్లి విషవాయువు ఇంట్లోకి వచ్చే ప్రమాదం కూడా ఉంటుంది. అంటే ఆ సందేశం ఏ దేశాన్ని సాక్ష్యానికి పిలిచిందో, అక్కడివాళ్లు కొలుస్తున్నది నేను పెదవాల్తేరులో కొలిచినదాన్నే.

వ్యాక్యూమ్ పంపు డబ్బు గుంజడానికి పెడతారన్న మాటను మాత్రం మెకానిక్‌లే ఎక్కువగా ప్రచారం చేస్తున్నారు, అది మా వృత్తికే సిగ్గుచేటు. బిగించేటప్పుడు రాగి పైపుల్లో ఉండేది విశాఖ గాలి, అంటే నీటి ఆవిరి. బయటి యూనిట్‌లోని గ్యాస్‌ను కాస్త వదిలి ఆ గాలిని తోసేస్తే గాలి కొంత పోతుంది గాని, పైపు గోడలకు పట్టిన తడి పోదు; అది ఇప్పటి ఏసీల్లో వాడే ఆయిల్‌తో కలిసి ఆమ్లంగా మారి, కంప్రెసరు మోటారులోని తీగచుట్టను, అంటే వైండింగును, లోపలినుంచే తింటుంది. పంపుతో 500 మైక్రాన్ల (అతితక్కువ ప్రెషర్‌కు వాడే కొలత) దాకా లాగితే ఆ తడి మామూలు వేడికే మరిగి బయటకు వస్తుంది. పైగా ఆర్-32కు కొద్దిగా మండే గుణం ఉంది. గదిలోకి వదిలి ‘పర్జింగ్ చేశాం’ అనడం ఎంత తెలివితక్కువ పనో వేరే చెప్పనక్కరలేదు.

ఆ సందేశంలో సగం నిజం ఒకటి ఉంది, దాన్ని దాచను. మన ఊళ్లో లీకులు ఇతర ఊళ్లకన్నా ఎక్కువే. బీచ్ రోడ్డు, లాసన్స్ బే కాలనీ, రుషికొండ వైపు బాల్కనీల్లో సముద్రానికి ఎదురుగా పెట్టిన యూనిట్ల ఫిన్లు ఉప్పుగాలికి రెండు మూడేళ్లలోనే పొడిపొడిగా రాలడం, పైపుల అతుకుల దగ్గరి ఫ్లేర్ నట్లకు పచ్చటి చిలుము పట్టడం రోజూ చూస్తున్నదే. 2020 మే 7న వెంకటాపురంలోని ఎల్‌జీ పాలిమర్స్ ఫ్యాక్టరీలో జరిగిన విషవాయువు లీకు తర్వాత ‘గ్యాస్ లీక్’ అన్న మాట వింటేనే ఈ ఊరివాళ్లకు గుండె ఝల్లుమంటుంది, ఆ భయాన్ని వాడుకుని వెంటనే నింపించాలని తొందరపెట్టేవారూ ఉన్నారు. ఏసీలో లీకు అలాంటిది కాదు. తొందరపడవలసింది నింపడానికి కాదు, వెతకడానికి. ఉన్న గ్యాస్‌ను రికవరీ చేసి, నైట్రోజన్ ప్రెషర్ పెట్టి, ప్రతి అతుకు మీదా సబ్బునురగ రాసి చూడాలి. లీకు దొరికాక నట్టో పైపో మార్చి, వ్యాక్యూమ్ చేసి, కాటా మీద తూచి ప్లేటులో రాసినన్ని గ్రాములే పోయాలి. కాటా తీసుకురాకుండా సిలిండరు ఒక్కటే భుజాన వేసుకొచ్చినవారిని గుమ్మంలోనే ఆపి, ముందు బ్లోవర్ విప్పి చూపించమని అడగండి.

మాస్టారి ఏసీకి ఈ మార్చిలో మళ్లీ వెళ్లాను, గ్యాస్‌కు కాదు, బ్లోవర్ కడగడానికి. కడగకముందు 3.9 మీటర్లు ఉంది. గేజు పెట్టనే లేదు.