మా చీపురుకు బంగారమేదో తెలుసు

లోకంలో అత్యంత శ్రద్ధగా ఊడ్చే గది ఏదని అడిగితే ఆపరేషన్ థియేటరనో, గర్భగుడి అనో చెప్పేవారు ప్రొద్దుటూరు బంగారు అంగళ్ల వెనక సందుల్లోకి ఏనాడూ తొంగి చూడనివారై ఉండాలి. అక్కడొక పాత మిద్దె మీద మేం ఆరుగురు నగల పనివాళ్లం కలిసి అద్దెకు తీసుకున్న పనిగదిలో, సాయంత్రం ఏడు కాగానే ఒక్కొక్కరూ ఒడిలో పరుచుకున్న తోలును నాలుగు మూలలా పట్టి ఎత్తి, ఆకురాయి పళ్లలో ఇరుక్కున్న బంగారు రజనును కుంచెతో దులిపి, చొక్కా చేతుల మడతలు విప్పి విదిలించి, చేతులు కడిగిన నీటిని సైతం పారబోయకుండా తొట్టిలో తేర్చి, పొద్దున గదిలోకి వచ్చిన బంగారానికీ రాత్రి ఇనప్పెట్టెలోకి పోయే బంగారానికీ మిల్లీగ్రాముల్లో లెక్క సరిచూసుకుని గాని చెప్పులు తొడగరు. తొడిగే ముందు ఆ చెప్పుల అడుగులను కూడా దులుపుతారు, అదీ గడపకు లోపలి పక్కనే.

ఇంత శుభ్రత వెలసిన చోట అశుభ్రతకు తావెక్కడిదని పాఠకులకు సందేహం రావచ్చు. మా గదిలో అమలయ్యే ఆస్తి చట్టం తెలిస్తే ఆ సందేహం తీరుతుంది. రజను ఎవరి బల్ల కింద పడితే వారి సొత్తు. బంగారం కానిదంతా, అంటే బంగారం కరిగించే మూస చుట్టూ పెంకులు కట్టిన వెలిగారం అనే బోరాక్సు, గట్టు మీద ఒలికిన తేజాబు అనే యాసిడ్ చుక్కలు, బఫింగ్ మోటారు ఎగజిమ్మే నల్లటి నూగు, విరిగిన రంపపు తీగ ముక్కలు, ఇవన్నీ ఆరుగురి ఉమ్మడి సొత్తు. ఉమ్మడి గొర్రె పుచ్చి చచ్చిందని మన పెద్దలు అన్నది ఏ గొర్రెను చూసి అన్నారో గాని, మా గట్టును చూసి ఉంటే గొర్రె ఊసెత్తేవారు కారు. మా చీపురు సైతం ఈ చట్టాన్ని వంటబట్టించుకుని, పసుపు మెరుపు కనిపించిన చోట మూడుసార్లు తిరిగి, నల్లగా కనిపించిన చోట పక్కకు తప్పుకుని పోతుంది.

ప్రభుత్వం మాత్రం తన వంతు తాను చేసింది. 2021 జూన్ 16 నుంచి హాల్‌మార్కు తప్పనిసరి చేయడం మొదలుపెట్టి, 2023 ఏప్రిల్ 1 నుంచి ఆరు అక్షరాంకెల గుర్తింపు సంఖ్య లేని హాల్‌మార్కు నగను అమ్మరాదని ఆదేశించింది. ఈ ఏర్పాటు పుణ్యమా అని మా గదిలో తయారైన ఉంగరం ఎక్కడ పరీక్షకు నిలిచిందో ఫోనులో చూసి చెప్పవచ్చు. అదే గదిలో గట్టు మీద వరసగా నిలబడిన నాలుగు నీళ్ల సీసాల్లో ఏది తాగే నీరో, ఏది నత్రికామ్లమో, ఏది నగలను ఉడకబెట్టాక మిగిలిన గంధకామ్లపు కషాయమో చెప్పడానికి గుర్తింపు సంఖ్య మాట అటుంచి ఒక కాగితం ముక్క కూడా అంటించి ఉండదు. ఎలా గుర్తుపడతారని కొత్తగా చేరిన రోజున అడిగితే, తాగే నీళ్ల సీసాకు మూత ఉంటుందని మా పెద్దాచారి గారు ఓపికగా వివరించారు. పోయిన వేసవిలో ఒక మధ్యాహ్నం నేను ఎత్తి నోటిదాకా తెచ్చుకున్న సీసాకు కూడా మూత ఉంది. ముక్కుకు తగిలిన ఘాటు వల్ల మాత్రమే ఈ వ్యాసం రాయడానికి మిగిలాను.

ఇక పొగ సంగతి. బంగారం కరగాలంటే 1064 డిగ్రీల సెల్సియస్ వేడి కావాలి. నగ ముక్కలను అతికే టంకంలో కలిపే కాడ్మియం 767 డిగ్రీలకే ఆవిరై గాలిలో కలుస్తుంది. అంటే మనకు కావలసిన లోహం ఇంకా బద్ధకంగా గట్టిగా కూర్చుని ఉండగానే, అక్కర్లేని లోహం లేచి మన ముక్కుల వైపు ప్రయాణం కడుతుందన్నమాట. దుకాణాల బోర్డుల మీద ఒకప్పుడు గొప్పగా వెలిగిన ‘కేడీయం నగలు’ అనే మాటలోని కేడీయం ఈ కాడ్మియమే. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ దీనిని మనుషుల్లో క్యాన్సర్ కలిగించే పదార్థాల మొదటి వర్గంలో చేర్చింది. దీని పొగ పీల్చిన వెంటనే ఏమీ తెలియదు. కొన్ని గంటలు పోయాక చలిజ్వరం లాగా ఒళ్లు వణికి, రొమ్ము పట్టేస్తుంది. అప్పటికి మనిషి ఇంటికి చేరి ఉంటాడు కాబట్టి నింద పనిగది మీదికి కాక దారిలో తిన్న మిరపకాయ బజ్జీ మీదికి పోతుంది. దీనికి మా గదిలో తరతరాలుగా నిలిచిన రక్షణ కవచం ఒకటుంది. అది బెల్లం. సాయంత్రం గోలీకాయంత బెల్లం ముక్క నోట్లో వేసుకుంటే లోపలికి పోయిన దుమ్మంతా కడుపులోకి జారిపోతుందని శాస్త్రం. ఊపిరితిత్తులకూ కడుపుకూ దారులు వేరన్న సంగతి బెల్లానికి ఎవరూ చెప్పినట్టు లేదు.

మా దగ్గర భద్రతా సామగ్రి లేదని ఎవరైనా అంటే అది అపవాదు. మంటలార్పే ఎర్ర సిలిండరు ఉంది, దాని మీద రాసిన గడువు తేదీ పసుపు కుంకుమల కింద కనబడదు, ఎందుకంటే ప్రతి దసరాకూ ఆయుధాలతో పాటు దానికీ భక్తితో బొట్లు పెడతాం. ఇసుక బకెట్టు ఉంది, అందులో అగరువత్తులు గుచ్చుతాం. కంటి అద్దాలు ఒక జత విశ్వకర్మ పటం పక్కన మేకుకు వేలాడుతుంటాయి, పటానికి వేసిన దండలో సగం వాటికీ దక్కుతుంది. బఫింగ్ చక్రం దగ్గర చేతికి తొడుగు వేసుకోరాదన్నది నిజంగానే మంచి నియమం, తొడుగు అంచు చక్రానికి చిక్కితే వేలు కూడా దాని వెంటే పోతుంది. మా గదిలో నూటికి నూరుపాళ్లు అమలవుతున్న భద్రతా నియమం ఇదొక్కటే, ఎందుకంటే మా దగ్గర తొడుగులు లేవు.

తెల్లవారుజామున మా మిద్దె కింది మురుగుకాలువలోని బురదను ఇద్దరు ఆడవాళ్లు బేసిన్లకు ఎత్తుకుని పోతారు. ఆరుగురం అంతగా దులిపినా తప్పించుకున్న రజను కోసం వారా మట్టిని కడిగి, పాదరసం పోసి ఒట్టి చేతులతో పిసికి, గుడ్డలో వడగట్టి, మిగిలిన ముద్దను పొయ్యి మీద కాలుస్తారు. పాదరసం గాలిలోకి, బంగారం చేతిలోకి. మా నగల బిల్లుల్లో తరుగు అని ఒక గడి ఉంటుంది. ఈ తరుగును ఏ గడిలో రాయాలో మాకు తోచక దాన్ని కాలువకు వదిలేశాం.

గోడకు ఎగ్జాస్టు ఫ్యాను బిగిద్దామని నేను రెండేళ్లు మొత్తుకున్నాను. మంట కదిలిపోతుందని ఒకరు, కరెంటు బిల్లని ఒకరు, రజను ఎగిరి వీధిలో పడుతుందని అందరూ కొట్టిపారేశారు. ఊపిరి, గుండె, పిల్లాపాపలు అని నేను చేసిన ఉపన్యాసాలన్నీ వృథా అయ్యాక ఒకనాడు, ఫ్యాను ముందు జల్లెడ గుడ్డ కడితే గాలిలో తేలే రజను కూడా దానికి పట్టుకుంటుందని, ఏడాదికొకసారి ఆ గుడ్డను కాల్చుకోవచ్చని నోరు జారాను. మూడో రోజుకల్లా చందాలు పోగై, అట్టపెట్టెలో ఫ్యాను వచ్చింది.

బిగించే ముందు, గుడ్డలో దొరికే బంగారం ఎవరిదన్న ప్రశ్న లేచింది. కిటికీ పక్క బల్ల ఆయన, గోడ తన పక్కన ఉంది కనుక సగం తనదన్నారు. “నా బల్ల మీద లేచిన రజను నాది గదన్నా, అది నీ కిటికీ తట్టు ఎగిరొస్తే నీదెట్లయితాది?” అని మూల బల్ల ఆయన నిలదీశారు. బెంగాల్‌లోని హుగ్లీ జిల్లా నుంచి వచ్చిన కుర్రవాడు ఎవరు ఎంత బంగారం కరిగిస్తే వారికంత వాటా అన్నాడు. వాడు కరిగించేదే ఎక్కువని మిగతా అయిదుగురం ఒక్కటయ్యాం. పెద్దాచారి గారు ఏ విషయమూ దసరా పోయాక తేల్చుదామన్నారు. రెండు దసరాలు పోయాయి. ఫ్యాను పెట్టె ఇంకా టేపు కూడా విప్పకుండా కిటికీ కిందే ఉంది, దాని మీద మధ్యాహ్నం మేం టిఫిన్ క్యారియర్లు పెట్టుకుని భోంచేస్తాం.